ఊపిరి యంత్రమునకు అందమెంత?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



మాస్కును గూర్చి చేర్యాలలో మాట్లాడుట సాహసమే. కొబ్బరిచిప్పపై రంపపు పొట్టు, చింతగింజల జిగురు మెత్తి, ఎండబెట్టి, రంగులు దిద్దు నకాషీ కళాకారుల యూరు ఇది. ఆ మాస్కుల పని చూడముచ్చటగా నుండుట. నేను చెప్పబోవు మాస్కును చీకటిలో, కన్నులు మూసికొని ధరింతురు. దాని పని వేరు.

గురకను మనము గాఢనిద్రకు గుర్తనుకొందుము. కొందరి విషయమున అది నిజము కాదు. నిదురలో గొంతు కండరములు సడలి, నాలుక వెనుక శ్వాసమార్గము మూతపడును. రొమ్ము కదలుచునే యుండును గాని గాలి లోనికి పోదు. ఇట్లు 10 సెకనులైనను ఆగినచో దానిని వైద్యులు ‘ఆప్నియా’ యందురు. రక్తమున ప్రాణవాయువు తగ్గును, మెదడు ఉలికిపడును, పెద్ద గురకతో ఊపిరి మరల వచ్చును. గంటకు 30 పర్యాయములు ఇట్లు జరిగినచో వ్యాధి తీవ్రమని లెక్క. తెల్లవారిన పిమ్మట రోగికి ఇదేమియు జ్ఞాపకముండదు. ప్రక్కన పరుండు ఇల్లాలికి తెలియును. పగలు కునికిపాట్లు, తలనొప్పి, రక్తపుపోటు మిగులును. లారీ నడుపువాడు కునికినచో నేమగునో వేరుగ చెప్పనక్కరలేదు.

1980లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున కోలిన్ సల్లివన్ అను వైద్యుడు దీనికొక ఉపాయము కనుగొనెను. దుమ్ము పీల్చు యంత్రపు మోటారు వంటి దానితో గాలిని ఊదించి, గొట్టము ద్వారా రోగి ముక్కునకు చేర్చెను. మరుసటి యేట ‘లాన్సెట్’ వైద్యపత్రికలో అయిదుగురు రోగుల వృత్తాంతము ప్రకటించెను. ఆనాటి యంత్రము చూచుటకు వికారము, మోత విపరీతము. ముక్కు తొడుగును ప్రతి రాత్రి జిగురుతో అంటించుకొనవలసి యుండెడిది. అయినను గొంతు మూతపడలేదు, కావలసినది అదియే.

ఇది ఆక్సిజన్ సిలిండరు కాదని కొందరికి చెప్పవలసియున్నది. గదిలోని గాలినే తీసికొని, నీటిని 4 మొదలు 20 సెంటిమీటర్ల యెత్తు లేపగల ఒత్తిడితో పంపును. ఆ ఒత్తిడియే శ్వాసమార్గమును తెరచి యుంచును. మాస్కు అంచున గాలి కారిపోయినచో ఒత్తిడి నిలువదు.

నేటి యంత్రములు చిన్న రేడియో పెట్టెవలె ముద్దుగా నున్నవి. కొనువారు పెట్టె మెరుగును, తెరపై అంకెలను చూచి సంతోషించి, మాస్కును చివరి నిమిషమున ఏదో ఒకటి పుచ్చుకొందురు. ఇది తలక్రిందుల బేరము. ముఖమును తాకునది మాస్కు. మీసము దట్టమైనచో అంచు కుదురదు. నోటితో ఊపిరి పీల్చువారికి ముక్కు తొడుగు మాత్రమే చాలదు. కూర్చుండి పెట్టుకొన్నపుడు సరిపోయినది పరుండినపుడు జారవచ్చును. కనుక పరుండి, గాలి వదలి చూడవలెను.

చప్పుడు లేకుండుటయు ఒక సొగసే. దానికొరకై పెట్టెలో నమర్చిన పాలీయురెథేన్ నురుగు శిథిలమై, దాని రేణువులు శ్వాసలోనికి పోవచ్చునని 2021 జూన్‌లో ఫిలిప్స్ సంస్థ లక్షలకొలది యంత్రములను వెనుకకు పిలిచినది. పై మెరుగు చూచినవారికి లోపలి నురుగు కనబడదు గదా!

మన నకాషీ పటములును గోడ యలంకారమునకై పుట్టలేదు. ఊరూర కథ చెప్పువారు ఒక్కొక్క ఘట్టమును విప్పి చూపుటకై పుట్టినవి. అవి నిడుపుగా నుండుటకును, చుట్టగా చుట్టుకొనుటకును ఆ పనియే కారణము.

అట్లని అందమును పూర్తిగా త్రోసివేయను. పిల్లలు ఏనుగు తొండమని నవ్విరని యంత్రమును అటకపై నెక్కించువారు, పెండ్లికి పోయినపుడు సిగ్గుపడి ఇంటనే విడుచువారు కలరు. ధరింపని రాత్రి యంత్రము పనిచేయదు. తేలికయైన, ముఖమును తక్కువగా కప్పు మాస్కు చూచి ఒకడు సిగ్గు విడిచి రాత్రియంతయు పెట్టుకొన్నచో, ఆ సొగసునకు వెచ్చించిన రూపాయి వృథా కాదు. కాని నవ్వు ఇంటివారిది. దానిని మాన్పుటకు రూపాయి అక్కరలేదు.

గురక వినబడగనే యంత్రము కొనవలదు. ముందు వైద్యుని చూచి నిద్ర పరీక్ష చేయించుకొనుడు. ఒత్తిడిని ఆయన నిర్ణయించును. మాస్కును దినదినము తేలిక సబ్బునీటితో కడుగుడు. మన యూళ్ల దుమ్మునకు వడపోత గుడ్డ త్వరగా మాసిపోవును; దానిని తరచుగా చూచుచుండుడు. కొనునపుడు పెట్టె రంగును గాక, మాస్కు సరిపడకున్న మార్చి యిత్తురా యని దుకాణదారు నడుగుడు.