మహిళల క్యాన్సర్ మరణాలలో ప్రాంతీయ వ్యత్యాసాలు – మన బాధ్యత

(మహిళా ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 

మైనారిటీ హక్కుల గురించి మనం సమావేశమైనప్పుడల్లా రిజర్వేషన్లు, వక్ఫ్ ఆస్తులు, ఉపకార వేతనాలు, భద్రత వంటి అంశాలు చర్చకు వస్తాయి. అవన్నీ అవసరమైనవే. అయితే మన ఇళ్లలోని స్త్రీల ప్రాణాలతో ముడిపడిన ఒక అంశం ఆ జాబితాలో అరుదుగా కనిపిస్తుంది. ఒకే జబ్బు వచ్చిన ఇద్దరు స్త్రీలలో ఒకరు బతికి బయటపడుతున్నారు, మరొకరు మరణిస్తున్నారు. ఈ తేడాకు జబ్బు స్వభావం ఒక్కటే కారణం కాదు. ఆ స్త్రీ ఏ ఊరిలో ఉంది, ఎంత చదువుకుంది, ఆసుపత్రికి ఎప్పుడు చేరింది అన్నవి కూడా కారణాలే. ఇది వైద్య సమస్య మాత్రమే కాదు, న్యాయ సమస్య కూడా అని చెప్పడానికే ఈరోజు మేము మీ ముందు నిలబడ్డాము.

ముందుగా ప్రపంచ స్థాయిలో చూద్దాం. రొమ్ము క్యాన్సర్ గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ, దాని అనుబంధ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2024లో ఒక పోలికను వెల్లడించాయి. మానవాభివృద్ధిలో అగ్రస్థానంలో ఉన్న దేశాలలో ప్రతి 12 మంది స్త్రీలలో ఒకరికి జీవితకాలంలో ఈ జబ్బు బయటపడుతుంది; 71 మందిలో ఒకరు దానితో మరణిస్తారు. వెనుకబడిన దేశాలలో 27 మందిలో ఒకరికే జబ్బు బయటపడుతుంది, కానీ 48 మందిలో ఒకరు మరణిస్తారు. అంటే జబ్బు తక్కువగా కనిపించే చోటే మరణాలు ఎక్కువ. ఈ ఒక్క పోలికను గుర్తుంచుకుంటే మిగిలిన విషయమంతా అర్థమవుతుంది.

ఇక మన దేశం సంగతి. భారత వైద్య పరిశోధనా మండలి పర్యవేక్షణలోని జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ, ఎంపిక చేసిన ప్రాంతాలలో కొత్తగా బయటపడిన ప్రతి క్యాన్సర్ కేసునూ నమోదు చేస్తుంది. 2012–16 సంవత్సరాల లెక్కల ప్రకారం, వయోభేదాలను సరిచేసి చూస్తే, అరుణాచల్ ప్రదేశ్‌లోని పాపుంపారే జిల్లాలో ప్రతి లక్ష మంది స్త్రీలకు ఏడాదికి 219.8 కొత్త కేసులు వచ్చాయి. దేశంలో ఇదే అత్యధికం. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్, బీడ్ ప్రాంతంలో అది 49.4 మాత్రమే. రొమ్ము క్యాన్సర్ ఒక్కటే తీసుకుంటే దేశంలో మొదటి స్థానం మన హైదరాబాద్ జిల్లాది: లక్షకు 48. చెన్నై, బెంగళూరు, ఢిల్లీ దాని తరువాతే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో మాత్రం పాపుంపారే, మిజోరంలోని ఐజాల్ ముందున్నాయి.

ఇవి జబ్బు సోకిన వారి లెక్కలు. మరణాల లెక్క వేరు. మన దేశంలో మరణ కారణాన్ని వైద్యులు ధ్రువీకరించడం చాలా తక్కువ. 2020లో నమోదైన మరణాలలో 22.5 శాతానికి మాత్రమే అటువంటి ధ్రువీకరణ ఉంది. అందువల్ల భారత రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం సహకారంతో పరిశోధకులు మరో మార్గం ఎంచుకున్నారు. 2001–03 మధ్య మరణం సంభవించిన ఇళ్లకు వెళ్లి, చివరి రోజుల్లో కనిపించిన లక్షణాలను కుటుంబ సభ్యులను అడిగి రాసుకున్నారు. ఆ వివరాలను ఇద్దరేసి వైద్యులు విడివిడిగా పరిశీలించి కారణాన్ని నిర్ధారించారు. 6,671 చిన్న ప్రాంతాల నుంచి సేకరించిన సుమారు 1,22,000 మరణాలను ఇలా పరిశీలించిన అధ్యయనం 2012లో వెలువడింది.

ఆ అధ్యయనం చెప్పిన మూడు విషయాలు మనకు ముఖ్యం.

మొదటిది: రాష్ట్రానికీ రాష్ట్రానికీ క్యాన్సర్ మరణాల రేటులో పెద్ద తేడా ఉంది. కానీ పల్లెకూ పట్నానికీ మధ్య తేడా దాదాపు లేదు. 30–69 ఏళ్ల స్త్రీలలో లక్షకు గ్రామాలలో 96.6 మరణాలు, పట్టణాలలో 91.2. రిజిస్ట్రీల ప్రకారం గ్రామీణ ప్రాంతాలలో బయటపడుతున్న కేసులు మహానగరాల కంటే బాగా తక్కువ. కేసులు తక్కువైన చోట మరణాలు సమానంగా ఉన్నాయంటే ఏమనుకోవాలి? కొన్ని జబ్బులు ఎవరి లెక్కకూ అందకుండానే సమాధికి చేరుతున్నాయి. లెక్కకు అందినవి చేయి దాటిపోయాక అందుతున్నాయి.

రెండవది: చదువులేని స్త్రీలలో క్యాన్సర్ మరణాలు లక్షకు సుమారు 107. ఎక్కువ చదువుకున్న స్త్రీలలో 43.4. రెండు రెట్లకు మించిన తేడా ఇది. మన ఆడపిల్లల చదువు గురించి మాట్లాడినప్పుడు ఉద్యోగం, పెళ్లి సంబంధం అన్న కోణాలలోనే ఆలోచిస్తాము. చదువు ప్రాణాన్ని కాపాడుతుందనడానికి ఇంతకంటే స్పష్టమైన అంకె మరొకటి ఉండదు.

మూడవది: గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు ముస్లిం స్త్రీలలో హిందూ స్త్రీల కంటే సుమారు మూడో వంతు తక్కువ. ఈ జబ్బుకు మూలం హెచ్‌పీవీ అనే వైరస్. సున్నతి చేయించుకున్న పురుషుల ద్వారా ఆ వైరస్ వ్యాప్తి తక్కువగా ఉండటం ఒక కారణమని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ఇందుకు అల్లాహ్‌కు కృతజ్ఞతలు. అయితే దీనిని అభయపత్రంగా తీసుకోరాదు. తక్కువ అంటే లేదని కాదు. పైగా రొమ్ము క్యాన్సర్ విషయంలో ఇటువంటి రక్షణ ఏదీ లేదు. మన రాష్ట్రాలలో ముస్లిములు అత్యధికంగా నివసించే నగరం ఏదో, దేశంలో రొమ్ము క్యాన్సర్ కేసుల రేటు అత్యధికంగా నమోదైన నగరమూ అదే.

ప్రాంతాల మధ్య ఈ తేడాలు ఎందుకు వస్తున్నాయి? కొన్నిచోట్ల అలవాట్లు కారణం. ఉత్తర కోస్తాలో, ముఖ్యంగా శ్రీకాకుళం ప్రాంతంలో, స్త్రీలు చుట్టను నిప్పు ఉన్న కొసను నోటిలోపల పెట్టి కాల్చే అలవాటు తరతరాలుగా ఉంది. దానినే అడ్డపొగ అంటారు. ఇతర ప్రాంతాలలో అరుదైన అంగిలి క్యాన్సర్ అక్కడి స్త్రీలలో కనిపించడానికి ఇదే కారణమని వైద్యులు ఎన్నో దశాబ్దాల క్రితమే గుర్తించారు. మన మొహల్లాలలో జర్దా పాన్, గుట్కా, వక్క స్త్రీలకు కూడా అలవాటుగా ఉన్నాయి. విందులలో పాన్‌దాన్ మర్యాదకు గుర్తు కావచ్చు, కానీ అందులోని జర్దా నోటి క్యాన్సర్‌కు దారి తీస్తుంది.

అలవాట్ల కంటే పెద్ద కారణం ఆలస్యం. 2012–15 మధ్య రొమ్ము క్యాన్సర్ బయటపడిన 17,000 మందికి పైగా స్త్రీలను 11 రిజిస్ట్రీ ప్రాంతాలలో 2021 వరకు గమనించారు. ఐదేళ్ల తరువాత బతికి ఉన్నవారు సగటున 66.4 శాతం. మిజోరంలో అది 74.9 శాతం, కేరళలోని కొల్లంలో 71.5 శాతం, అరుణాచల్‌లోని పాసీఘాట్‌లో 41.9 శాతం మాత్రమే. మిజోరం, అరుణాచల్ రెండూ ఈశాన్య కొండ ప్రాంతాలే. ఒకటి పై వరుసలో ఉంది, మరొకటి అట్టడుగున ఉంది. కాబట్టి కొండలనో, దూరాన్నో, జాతినో నిందించి ఊరుకోవడానికి వీలులేదు. అదే అధ్యయనంలో జబ్బు రొమ్ముకే పరిమితమై ఉన్న దశలో వచ్చినవారిలో 81 శాతం ఐదేళ్లు దాటి బతికారు. ఇతర అవయవాలకు పాకిన తరువాత వచ్చినవారిలో 18.3 శాతమే బతికారు.

81కీ 18కీ మధ్య ఉన్నది కొన్ని నెలల ఆలస్యం. ఆ నెలలలో మన ఇళ్లలో ఏమి జరుగుతుందో మీకు తెలుసు. గడ్డ నొప్పి పెట్టడం లేదు కదా అని తల్లి ఊరుకుంటుంది. మగ డాక్టరుకు చూపించుకోవడానికి సిగ్గుపడుతుంది. రంజాన్ అయ్యాక చూద్దామని, కూతురి నికాహ్ అయ్యాక చూద్దామని వాయిదా వేస్తుంది. జబ్బు సంగతి బయటపడితే కూతురికి సంబంధం రాదని ఇంటివారు దాచిపెడతారు. చివరికి గడ్డ పుండుగా మారిన తరువాత ఆసుపత్రికి చేరుతుంది. రొమ్ములో గడ్డ తొలిదశలో తరచుగా నొప్పి పెట్టదు. నొప్పి లేకపోవడం నిశ్చింతకు కారణం కాదు.

ఆయుష్షు అల్లాహ్ చేతిలో ఉన్నదని మనం విశ్వసిస్తాము. ఆ విశ్వాసం చికిత్సను నిర్లక్ష్యం చేయమని చెప్పదు. చికిత్స చేయించుకోవాలని దైవప్రవక్త (స) స్వయంగా బోధించారు. ప్రాణ రక్షణ షరీఅత్ ఉద్దేశాలలో ఒకటని మన ఉలమా చెబుతారు. అవసరమైనప్పుడు వైద్యునికి శరీరాన్ని చూపించడానికి ధర్మం అనుమతిస్తుంది. అయినా స్త్రీ వైద్యురాలిని కోరడం మన తల్లుల హక్కు. ఆ ఏర్పాటు చేయడం ప్రభుత్వ బాధ్యత.

లోపం మన ఇళ్లలోనే ఉన్నదని చెప్పి వ్యవస్థను వదిలిపెట్టలేము. 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలందరికీ నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు ఐదేళ్లకొకసారి జరపాలని కేంద్ర ప్రభుత్వం 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆచరణ ఎలా ఉందో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. 30–49 ఏళ్ల స్త్రీలలో జీవితంలో ఒక్కసారైనా గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకున్నవారు దేశం మొత్తంలో 1.9 శాతం. రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు ఒక్క శాతం కూడా లేరు. తమిళనాడులో గర్భాశయ ముఖద్వార పరీక్ష 9.8 శాతానికి చేరింది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ దాని వెనుకనే ఉన్నాయి. 2030 నాటికి 70 శాతం స్త్రీలకు ఈ పరీక్ష జరగాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యం. ముస్లిములు ఎక్కువగా ఉండే ప్రాంతాలకు వైద్య సౌకర్యాలు సరిగా అందడం లేదని సచార్ కమిటీ 2006లోనే నివేదించిన సంగతిని కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి.

ఈ పరీక్షకు పెద్ద యంత్రాలు అవసరం లేదు. వెనిగర్‌లో ఉండే ఆమ్లాన్ని పలుచగా పూసి, రంగు మారుతుందేమో కంటితో చూస్తారు. ముంబయి మురికివాడలలో టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998 నుంచి సుమారు లక్షన్నర మంది స్త్రీలతో ఒక అధ్యయనం జరిపింది. వారిలో సగం మందికి, శిక్షణ పొందిన సాధారణ ఆరోగ్య కార్యకర్తలే రెండేళ్లకొకసారి ఈ పరీక్ష చేశారు. వారిలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. మురికివాడలో, డాక్టరు లేకుండా, కార్యకర్తల చేతులతో సాధ్యమైనది మన బస్తీలలో ఎందుకు సాధ్యం కాదు? చదువుకుని ఇంటి దగ్గరే ఉంటున్న ఆడపిల్లలు మన మొహల్లాలలో ఎంతమంది లేరు?

నమ్మకం గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2009లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసే ప్రయోగాత్మక కార్యక్రమం జరిగింది. చాలామంది గిరిజన బాలికల తరఫున తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. కొందరు బాలికల మరణాల తరువాత 2010లో ఆ కార్యక్రమం ఆగిపోయింది. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం భావించింది. కానీ సమ్మతి తీసుకున్న తీరును పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో తీవ్రంగా తప్పుపట్టింది. దీని నుంచి టీకా చెడ్డదన్న పాఠం తీసుకోకూడదు. అది లక్షల ప్రాణాలను కాపాడగల టీకా. పేదలకు వారి భాషలో వివరించి, వారి సమ్మతితోనే వైద్యం అందించాలన్నదే అసలు పాఠం. ఉర్దూ మాత్రమే చదవగలిగిన తల్లి చేతిలో తెలుగు, ఇంగ్లిషు కాగితం పెట్టి సంతకం అడగడం సమ్మతి అనిపించుకోదు.

హైదరాబాద్‌లోని మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుంచి పేదలకు ఆసరాగా ఉంది. విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ క్యాన్సర్ చికిత్స ఖర్చును చాలావరకు భరిస్తున్నది. కానీ ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు సుమారు 300 కిలోమీటర్లు. రేడియేషన్ కోసం వారాల తరబడి నగరంలో ఉండాలి. బీడీలు చుట్టే స్త్రీ ఆ రోజుల కూలి పోగొట్టుకుంటుంది. బస, భోజనం, తోడు వచ్చినవారి ఖర్చు ఏ కార్డులోనూ రావు. చాలామంది చికిత్సను మధ్యలో వదిలిపెట్టేది ఇక్కడే.

అందుకే ప్రభుత్వాలను మనం ఇలా కోరాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మహిళా సిబ్బందితో, వారంలో నిర్ణీత రోజున ఈ మూడు పరీక్షలూ జరగాలి. ఉర్దూ తెలిసిన ఆశా కార్యకర్తలను మన బస్తీలలో నియమించాలి. జిల్లా ఆసుపత్రులలో కీమోథెరపీ అందాలి. క్యాన్సర్ మరణాల వివరాలను జిల్లాల వారీగా, సామాజిక వర్గాల వారీగా ఏటా ప్రకటించాలి. లెక్కలో లేని మరణానికి బడ్జెట్‌లో చోటు ఉండదు.

మనం చేయవలసినదీ ఉంది. మన ఇళ్లలో మరణం జరిగితే అదే రోజు దఫన్ చేస్తాము. మరణ నమోదు తరచుగా వెనుకబడుతుంది. కారణం ‘గుండె ఆగింది’ అన్న ఒక్క మాటతో ముగుస్తుంది. ప్రతి ఖబరస్తాన్ కమిటీ మరణ నమోదుకు, సరైన కారణం రాయించడానికి ఆ కుటుంబానికి తోడ్పడాలి. మస్జిద్ కమిటీలు నెలకొకసారి జుమా తరువాత రెండు నిమిషాలు ఈ విషయానికి కేటాయించాలి. భర్తలు, కొడుకులు ఆ మాట విని ఇంటికి మోసుకుపోవాలి. జకాత్ నిధుల నుంచి అర్హులైన రోగుల ప్రయాణానికి, బసకు సహాయం అందించే విషయాన్ని ఉలమాతో సంప్రదించి నిర్ణయించాలి.

తల్లులారా, మీతో ఒక్క మాట. రొమ్ములో గడ్డ, చనుమొన నుంచి రక్తం, ముట్లుడిగిన తరువాత రక్తస్రావం, నోటిలో మూడు వారాలకూ మానని పుండు – వీటిలో ఏది కనిపించినా ఆ వారమే ఆసుపత్రికి వెళ్లండి. పండుగ అయ్యేదాకా, పెళ్లి అయ్యేదాకా ఆగకండి. ఇంటివారు వద్దంటే మొహల్లాలోని మా కార్యకర్తలకు చెప్పండి, మీ వెంట మేము వస్తాము.

పుట్టిన ఊరు, చేరలేకపోయిన బడి ఒక స్త్రీ మరణాన్ని ముందుకు జరపకూడదు. అది అన్యాయమని చెప్పడం, దానిని సరిదిద్దడానికి పూనుకోవడం మన ఉద్యమంలో భాగం కావాలి. అల్లాహ్ మన తల్లులకు, అక్కచెల్లెళ్లకు ఆరోగ్యాన్ని, మనకు ఈ బాధ్యతను నెరవేర్చే శక్తిని ప్రసాదించుగాక! ఆమీన్.