సూదిమూతి చేప



మన బాబుపేటకు చేరువనున్న ఇరై నది వార్ధాలో కలియును. వార్ధా వైనగంగతో కూడి ప్రాణహితయై గోదావరిని చేరును. గోదావరీ జలములలో నీటిపొర క్రిందనే పుల్లవలె కదలక నిలుచు సన్నని చేప యొకటి గలదు. మేము పాఠములో దానిని సూదిమూతి చేప యనుచున్నాము. దాని దవడలు రెండును ముక్కువలె పొడవుగా సాగి వాడి పండ్లతో నిండియుండును. వీపు రెక్క తోకదాపునకు జరిగి యుండును. పిల్లచేపకు క్రింది దవడయే ముందు పెరుగును. పైది తరువాత అందుకొనును. పెరిగిన చేప సుమారు 40 సెంటీమీటర్లు.

ఈ కుటుంబమున 40కి పైగా జాతులు గలవు. పెక్కింటికి ఉనికి సముద్రము. కొన్నింటి యెముకలు ఆకుపచ్చగా నుండును. విషమని భయపడ నక్కరలేదు. మనది మంచినీటిది, భారత, సింహళముల నుండి మెకాంగ్ నది వరకు వ్యాపించియున్నది.

1822లో హామిల్టన్ దొర గంగానది చేపల గ్రంథమున దీనికి పేరు పెట్టుచు బంగాళపు వాడుకమాటనే 'కాన్సిల'గా నిలిపెను. శాస్త్రజ్ఞులు నేటికిని ఆ పేరే వాడుచున్నారు.

మీ తాతలు దీని నేమనిరో తరగతిలో అడుగగా ఒక్కరును చెప్పలేకపోయిరి. ఇంటి పెద్దల నడిగి పిల్లలచేత వ్రాయించి పంపుడు. వచ్చు పాఠమున ఆ పేరే నల్లబల్లపై వ్రాయుదుము.