వైద్యునకు మరల చదువెందులకు?

నౌపడ పేరు రైలు ప్రయాణీకులకు క్రొత్త కాదు. కలకత్తా నుండి చెన్నపట్టణము పోవు పెద్దలైనుమీద, పర్లాకిమిడి, గుణుపురములకు శాఖ చీలుచోట ఆ స్టేషను ఉన్నది. 1900లో పర్లాకిమిడి సంస్థానమువారు నడిపిన చిన్నరైలు అక్కడినుండియే బయలుదేరెడిది. ఆ ఊరికి ఉప్పుమడులవలన పేరు వచ్చినది. అక్కడినుండి ఉత్తరముగా పలాస, సోంపేట, కవిటి, ఇచ్ఛాపురముల వైపు సాగినచో కొబ్బరితోటలు, జీడితోటలు కన్నులపండువుగా నుండును. ఆ సీమను ఉద్దానమందురు. ఉద్యానమను మాటయే ఉద్దానమైనదని చెప్పుదురు.

మేము నేడు ప్రసంగింపబూనిన విషయము వైద్యుల పైచదువు. దానికిని ఈ ఊళ్లకును సంబంధమేమని శ్రోతలకు తోచవచ్చును. సంబంధమున్నది. పట్టము చేతికి వచ్చిన పిమ్మట వైద్యుడు మరల చదువనేల యను ప్రశ్నకు సమాధానము కళాశాల గోడల నడుమ కన్న ఈ తోటల నడుమనే స్పష్టముగా కానవచ్చును.

ముందు లెక్క చూతము. ఎం.బి.బి.ఎస్. చదువు నాలుగున్నర సంవత్సరములు. ఆపైన ఆసుపత్రిలో ఒక సంవత్సరము శిక్షణ. ఎం.డి. లేదా ఎం.ఎస్. పట్టమునకు మరి మూడేండ్లు. మూత్రపిండముల వైద్యమువంటి ప్రత్యేకశాఖలో డి.ఎం. పట్టము కావలెనన్నచో ఇంకను మూడేండ్లు. మొత్తము పదునొకండున్నర సంవత్సరములు. ప్రవేశపరీక్షలకై ఎదురుచూచు కాలము దీనిలో చేరలేదు. తోటివారు ఉద్యోగములలో స్థిరపడి, పిల్లలను బడికి పంపునాటికి ఇతడింకను పరీక్షలు వ్రాయుచునేయుండును.

ఈ శ్రమకు కారణము ధనమే యని కొందరందురు, పేరుప్రతిష్ఠలని మరికొందరందురు. మేము ఆ మాటను పూర్తిగా కాదనము. నేడు రోగి డాక్టరు పేరు ప్రక్కనున్న అక్షరములను లెక్కించి మరీ వచ్చుచున్నాడు. వైద్యకళాశాలలో చికిత్సాశాఖల ఆచార్యపదవికి పైపట్టము తప్పనిసరి. సంసారమున్నవానికి జీతముపై ఆశ యుండుట తప్పు కాదు. కాని ఆశయొక్కటే పదునొకండేండ్లు దీపము ముందు కూర్చుండబెట్టజాలదు. వేరొక కారణము కూడ ఉండవలెను. వేయిమందిని చంపినవాడు అరవైద్యుడని మనవారొక సామెత చెప్పుదురు. ఆ సామెత వైద్యుని గేలిచేయుటకే పుట్టియుండవచ్చును. కాని అందులో ఒక భయము కూడ ఉన్నది: తెలియనిదానిని రోగి ప్రాణముమీద నేర్చుకొనుట. పెద్దల పర్యవేక్షణమున నేర్చుకొనుటకే పైచదువు ఏర్పడినది.

ఉద్దానమునకు వత్తము. అనేక సంవత్సరములుగా అక్కడి ఊళ్లలో మూత్రపిండములు మెల్లమెల్లగా చెడిపోవు వ్యాధి వ్యాపించి యున్నది. జరిగిన సర్వేలనుబట్టి వయోజనులలో దాదాపు అయిదుగురికొకరు దీనిపాలైరని తేలుచున్నది. సాధారణముగా ఈ వ్యాధికి మధుమేహము, రక్తపుపోటు కారణములు. ఉద్దానమున ఆ రెండును లేనివారికే ఎక్కువగా వచ్చుచున్నది. మధ్య అమెరికాలో చెరకుతోటల కూలీలకు, సింహళమున వరిపొలముల రైతులకు ఇట్టి వ్యాధియే కనుపించినది. నీరా, ఎండలో చాకిరియా, పురుగుల మందులా, పుట్టుకతో వచ్చు గుణమా అని శాస్త్రజ్ఞులు వెదకుచునే యున్నారు. ఇదియే కారణమని ఇంతవరకు నిర్ధారణ కాలేదు.

ఇట్టి రోగి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు వచ్చినప్పుడు యువవైద్యుని స్థితి యెట్టిది? రోగి నడుమునొప్పి యనును, నీరసమనును. కాళ్లవాపు ఉండకపోవచ్చును. మూత్రములో మాంసకృత్తు అంతగా కనుపింపదు. రక్తములో క్రియాటినిన్ అను పదార్థము ఎంతయున్నదో చూచినచో కొంత తెలియును. కాని ఆ పదార్థము కండరములనుండి పుట్టునది. ఎముకలగూడువంటి కూలివానికి కండయే తక్కువ. కనుక మూత్రపిండములు సగము చెడినను అంకె మంచిగానే కనుపింపవచ్చును. ఈ సంగతి ఎరుగని వైద్యుడు నొప్పిమాత్రలు వ్రాసి పంపును. ఆ నొప్పిమాత్రలలో పెక్కు మూత్రపిండములకు హాని చేయునవే. మంచిమనసుతో చేసిన పనియే కీడగును. ఒక్కమారు ఈ సంగతి తెలిసిన వైద్యునకు నిదుర పట్టదు. అతనిని మరల పుస్తకము పట్టించునది ఆ నిదురలేమియే యని మా అభిప్రాయము.

ఈ సందర్భమున ఒక తెలుగువైద్యుని స్మరింపవలెను. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు స్ప్రూ అను అతిసారవ్యాధికి సోదరులనిద్దరిని కోల్పోయిరి. మద్రాసులో వైద్యము చదివినను వారికి ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కలేదు, దానికంటె చిన్నదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే ఇచ్చిరి. ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము బోధించి, పిమ్మట అమెరికా పోయి హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల శాస్త్రము చదివిరి. పొట్టగడచుటకు ఆసుపత్రిలో సేవకుని పనిచేసిరి. 1930లో పిహెచ్.డి. పొందిరి. 1927లో ఫిస్కీ అను శాస్త్రజ్ఞునితో కలిసి వారు ప్రకటించిన ఫాస్ఫోక్రియాటిన్ కండరముల శక్తికి నిలువ. మేము పైని చెప్పిన క్రియాటినిన్ దానినుండి విరిగి వచ్చునదే. నేడు ఉద్దానమున రక్తపరీక్ష జరుగు ప్రతిసారియు ఆ పరిశోధనకు చెందిన పదార్థమునే కొలుచుచున్నారన్నమాట. 1945లో వారి నాయకత్వమున తయారైన ఫోలికామ్లము నేడు ప్రతి గర్భవతికి ఇచ్చుచున్నారు. 1947లో వెలువడిన హెట్రజాన్ మన తీరమునందలి బోదకాలు వ్యాధికి మందైనది.

సుబ్బారావుగారు తిరిగి రాలేదు. 1948లో న్యూయార్కులో కన్నుమూసిరి. వారు రాకున్నను వారి మందులు మన ఊళ్లకు వచ్చినవి. విజ్ఞానము సీసాలో, బిళ్లలో సముద్రము దాటగలదు. కాని అన్నివిధములైన విజ్ఞానమట్లు రాదు. డయాలిసిస్ యంత్రమును ఓడలో పంపవచ్చును. దాని ప్రక్కన నాలుగుగంటలు కూర్చుండి రోగి ముఖము కనిపెట్టువారిని పంపలేము. వారు ఇక్కడనే ఉండవలెను.

పైచదువన్నంతనే డాక్టర్లనే తలచుట కూడ సరి కాదు. డయాలిసిస్ గదిలో రోగికి ఎక్కువసేపు తోడుండునది నర్సు. ఉద్దానమున ఎవరికి జబ్బుచేసినను మొదట ఇచ్చునది కొబ్బరిబొండము. ఆ నీటిలో పొటాసియము హెచ్చు. మూత్రపిండములు పనిచేయనివానికి అది గుండెను ఆపునంతటి ప్రమాదము తేగలదు. అట్లే నౌపడ ఉప్పు ఇంటింట నుండగా, ఉప్పుచేప లేనిదే ముద్ద దిగనివానికి ఉప్పు తగ్గింపుమని చెప్పవలెను. కసరిన వినడు; ఎందుకో తెలిపి, బదులేమి తినవలెనో చూపినచో వినును. అట్లు చెప్పుటకు శాస్త్రమును కావలెను, ఊరివాడుకయు తెలియవలెను. ఎం.ఎస్సీ. నర్సింగు చదివిన సోదరీమణులను పాఠశాలలలో బోధనకే పరిమితము చేయక రోగి మంచము ప్రక్కకు తెచ్చినచో ఆ చదువు సార్థకమగును.

ఇచట ఒక చిక్కు వచ్చుచున్నది. ప్రశ్న పుట్టినది పల్లెలో. సమాధానము నేర్పు కళాశాల పట్టణములో. ఈ ప్రాంతమువారికి చిరకాలము దిక్కు 1923లో స్థాపించబడిన విశాఖపట్టణపు వైద్యకళాశాలయే. పోయిన వైద్యుడు మూడేండ్లు, ఆరేండ్లు పట్టణమున చదివి, అచ్చటి యంత్రములకు అలవాటుపడి, మరల తోటలవైపు చూచునా? పల్లెలో పనిచేయువారికి పైచదువులో కొన్ని సీట్లు ప్రత్యేకించుట దీనికొక ఉపాయము. రాష్ట్రములకు ఆ అధికారము కలదని 2020లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. 2024లో మన రాష్ట్రమున ఆ భాగమును తగ్గింపగా ఆరోగ్యకేంద్రముల డాక్టర్లు విధులు మాని ఆందోళన చేసిరి. వారికి ఆ సీటు ఎంత ముఖ్యమో దీనినిబట్టియే తెలియుచున్నది. ఎం.డి., ఎం.ఎస్. విద్యార్థులు మూడుమాసములు జిల్లా ఆసుపత్రిలో పనిచేయవలెనను నియమము మరియొక ఉపాయము. మూడుమాసములు కొంచెమే, అయినను బొత్తిగా లేనిదానికంటె మేలు.

2023 డిసెంబరులో పలాసలో రెండువందల పడకల ఆసుపత్రియు, మూత్రపిండముల పరిశోధనకేంద్రమును ప్రారంభమైనవి. ఉద్దానమునకు హిరమండలము జలాశయమునుండి త్రాగునీరు తెచ్చు పథకము కూడ అప్పుడే మొదలైనది. ఇవి మేలైన పనులు. కాని భవనము రెండు మూడేండ్లలో లేచును. అందులో కూర్చుండవలసిన నిపుణుడు తయారగుటకు పదునొకండున్నర యేండ్లు పట్టునని ముందే లెక్క చూచితిమి. ఆ నిపుణుడు ఈ గడియలో ఏ ఇంటర్మీడియేటు తరగతిలోనో ఉండవచ్చును. అతడు టెక్కలివాడో, సోంపేటవాడో, నౌపడ ఉప్పుమడులలో పనిచేయు కూలి కొడుకో కూతురో అయినచో తిరిగివచ్చునను ఆశ హెచ్చు. కావున ఇక్కడి పిల్లలను చదివించుటయే ఇక్కడి రోగులకు చేయు వైద్యములో మొదటిభాగము.

పైచదువునకు పోవు యువవైద్యులకు మా మనవి యొక్కటే. పట్టణమునకు పోవునప్పుడు మీకు సమాధానము దొరకని రోగిని మనసులో వెంట తీసికొనిపొండు. ఆరేండ్ల పిమ్మట ఆ సమాధానము దొరకినచో, దానిని వినవలసినవాడు ఆ తోటలలోనే యున్నాడని మరువకుడు.