పనికి ముందు పనిముట్టు
(సంఘ సమావేశమున చేసిన ఉపన్యాస పాఠము)



మన కుటుంబములలో మోటారు షెడ్డులు నడుపువారు, విడిభాగముల వ్యాపారము చేయువారు పెక్కుమంది కలరు. వారి షెడ్డులకు ఇటీవల ఒక క్రొత్త పని వచ్చుచున్నది. ముక్కలుగా చేసి బోల్టులతో కూర్చిన కారు చక్రములను విప్పి, మెరుగు పెట్టి, తిరిగి బిగించు పని యది. అందులకు తగిన పనిముట్లు ఎచ్చట దొరకునని మా అంగడికి వచ్చి అడుగు యువకులు హెచ్చుచున్నారు. ఒక్కొక్కరికి వేరువేరుగ చెప్పుట కంటె అందరకు ఒక్కమారు విన్నవించుట మేలని నేడు ఈ విషయమునే ఎన్నుకొంటిమి.

ఈ చక్రమున మూడు భాగములుండును: నడిమి ఆకుల భాగము, వెలుపలి అంచు, లోపలి పీపా. ఈ మూటిని చుట్టును చిన్న బోల్టులతో బిగించి, గాలి పోకుండ అతుకునకు సిలికోను పూయుదురు. జర్మనీలోని షిల్టాఖ్‌లో 1970లో బౌమ్‌గార్ట్‌నర్, బ్రాండ్ అను ఇరువురు బి.బి.ఎస్. సంస్థను స్థాపించిరి. వారి యింటిపేర్ల తొలి అక్షరములు, ఆ యూరి తొలి అక్షరము కలిసి ఆ పేరైనది. ఆ సంస్థ 1983లో వెలువరించిన ఆర్.ఎస్. చక్రము ఈ విధానమునకు రోడ్డు కార్లలో పేరు తెచ్చినది. ఇందలి మేలేమనగా, అంచు వంగినచో అంచును మాత్రమే మార్చుకొనవచ్చును. కీడేమనగా, విప్పుట చేతనైన వానికెల్ల కూర్చుట చేతకాదు.

మొదట చక్రమును త్రిప్పి వెనుక ప్రక్క చూడవలెను. ఒకే ముక్కగా పోతపోసి, అందము కొరకు ఉత్తుత్తి బోల్టు తలలు అతికించిన చక్రములును కలవు. వెనుక అతుకు కానరానిచో దానిని విప్పబోవుట వ్యర్థము.

ఇక పనిముట్ల మాట. బి.బి.ఎస్. మొదలగు అనేక చక్రములలో బోల్టు మర 7 మిల్లీమీటర్లది. తల పండ్రెండు కోణములది. మన అంగళ్లలో 6 దొరకును, 8 దొరకును, 7 దొరకుట అరుదు. ఆరు కోణముల సాకెట్టు ఈ తలపై సరిగా కూర్చొనదు. బలవంతము చేసినచో తల అరిగిపోవును. పిమ్మట డ్రిల్లుతో తొలచవలసివచ్చును. ఆ తొలుచుటలో చక్రపు రంధ్రము చెడును. కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినట్లగును.

కావున అంగడికి పోవునపుడు పేరు చెప్పి అడుగక, కొలత తీసికొని పోవలెను. బోల్టు ముందే చేతికి రాదు గనుక, మైనముపై తల అచ్చు తీసి, వెర్నియరుతో కొలిచి వ్రాసికొనుడు. వీలైనచో చక్రమునే తీసికొనిపోవుడు. బెంగుళూరు జె.సి. రోడ్డు, చెన్నపట్టణపు జనరల్ పాటర్స్ రోడ్డు, ముంబయి నాగ్‌దేవి వీధి ఇట్టి వెదకులాటకు తగిన చోటులు. కొన్ని చక్రముల నడిమి మూతను ఆరు పలకల పెద్ద నట్టు పట్టియుంచును. దాని పానా ఎచ్చటను దొరకనిచో పైపు పానా వేయకుడు. బెంగుళూరు పీణ్యలోనో కోయంబత్తూరులోనో నేర్పుగల పనివానిచే కొలత ప్రకారము నైలానుతో చేయించుకొనుడు. ఉక్కు గీసినచోట నైలాను గీయదు.

టైరులో గాలి యుండగా ఈ బోల్టులలో ఒక్కదానినైనను వదులు చేయరాదు. లారీ చక్రపు లాకురింగు ఎగిరి ప్రాణములు తీయుట మోటారు పనివారెరిగిన సంగతియే. అమెరికా ప్రభుత్వము 1980లో పెద్ద వాహనముల ముక్కల చక్రములపై పనికి ప్రత్యేక భద్రతా నిబంధనలు చేసినది. టైరును పూర్తిగ ఊడదీసి, ముక్కల స్థానములకు గురుతులు పెట్టి, పిమ్మట చేతి పానాతోనే విప్పవలెను. అతుకులో స్క్రూడ్రైవరు దూర్చక, ప్లాస్టికు కత్తితో సిలికోను కోసి, నైలాను సుత్తితో మెల్లగ తట్టవలెను.

ఏ లోహమో తెలియనిదే సాన తాకింపరాదు. పందెపు చక్రములు కొన్ని మెగ్నీషియముతో చేయబడినవి. దాని పొడి అంటుకొన్నచో నీరు పోయరాదు. పోసిన మంట హెచ్చును. ఎండు ఇసుక చేరువ నుంచుకొనవలెను. అల్యూమినియపు అంచునకు 400 మొదలు 2000 వరకు ఉప్పుకాగితము క్రమముగ త్రిప్పి, తరువాత మెరుగు పెట్టవలెను. అంచునకు ఆనొడైజింగు ఉన్నచో ముందు దానిని పూతల పనివారిచే తీయించవలెను. ముక్కలు ఒకదానినొకటి తాకు తలములకు రంగు పూయరాదు. మందపు రంగు బోల్టు క్రింద నలిగి బిగువు సడలును.

తిరిగి కూర్చునపుడు క్రొత్త బోల్టులే వాడుడు. చక్రపు నట్టులకు వాడు పెద్ద టార్క్ రెంచి ఈ చిన్న బోల్టులకు పనికిరాదు. తక్కువ కొలతలది వలయును. తయారీదారు ఇచ్చిన అంకె ప్రకారము ఎదురెదురుగ, విడతలుగ బిగింపవలెను. ఘాటైన పులుపు వాసన గల సిలికోను లోహమును తినును, అట్టిది వాడకుడు. ఒక దినము ఆరనిచ్చి, టైరు వేసి, సబ్బునీటితో గాలి పరీక్షింపుడు.

ఏడాదికి నాలుగు మారులు వాడు పనిముట్టును ఒక్కొక్క షెడ్డువారు కొనుట భారము. కొనక అరువు పానాతో కానిచ్చుట అపాయము. కావున పండ్రెండు కోణముల సాకెట్లు, చిన్న టార్క్ రెంచి, నైలాను పానాలు, వెర్నియరు గల పెట్టె నొకదానిని సంఘము తరఫున ఉమ్మడిగ కొని, పుస్తకమున చేవ్రాలు తీసికొని ఇచ్చు ఏర్పాటు చేయవలెనని మేము ప్రతిపాదించుచున్నాము. మా అంగడి వంతు మేము ముందుగ చెల్లింతుము. వాహనము తెచ్చినవాడు తన ప్రాణమును ఆ చక్రముపైననే నిలిపి పోవుచున్నాడు. ఆ నమ్మకమును కాపాడుటకు పనిముట్టు లేదను సాకు మన పిల్లలకు మిగులరాదు. సభ్యులు తమ అభిప్రాయము తెలుప ప్రార్థన.