ఇంటి రౌటరు - తూము షట్టరు



మన పిల్లలు చాలామంది హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉన్నారు. "నాన్నా, మీ కంప్యూటరును ఇక్కడినుంచే చూస్తాను, రౌటరులో పోర్టు తెరవండి" అంటుంటారు. అందులోని మంచిచెడ్డలు నాకు తెలిసినంతవరకు మనవి చేస్తాను.

సాగర్ కుడికాలువ కింద సేద్యం చేసినవారికి ఇది సులువుగా బోధపడుతుంది. కాలువ నిండుగా పారుతున్నా, లస్కరు వచ్చి తూము షట్టరు ఎత్తితేనే పొలానికి నీరు. రౌటరులోని ఫైర్‌వాల్ కూడా అటువంటిదే. మనం అడిగినదానికి వచ్చే జవాబును రానిస్తుంది, అడగకుండా వచ్చేవారిని ఆపుతుంది. బయటినుంచి లాగిన్ కావాలంటే రౌటరు సెట్టింగులలో పోర్ట్ ఫార్వర్డింగ్ అనేచోట, ఫలానా నంబరుకు వచ్చినవారిని ఫలానా కంప్యూటరుకు పంపమని రాయాలి. మామూలుగా ఎస్.ఎస్.హెచ్.కు 22, విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌కు 3389.

మా అబ్బాయి చెప్పగా నేను 22 తెరిచాను. పని అయింది, మూయడం మరిచాను. మర్నాడు కంప్యూటరులోని లాగ్ చూస్తే, ముక్కూమొహం తెలియని చిరునామాలనుంచి లాగిన్ కోసం వందలకొద్దీ ప్రయత్నాలు! నామీద ఎవరికీ పగలేదు. తెరిచిన తలుపుల కోసం యంత్రాలు రాత్రింబవళ్ళు వెతుకుతూనే ఉంటాయి. 2016లో మిరాయ్ అనే ప్రోగ్రాము, కొన్ననాటి పాస్‌వర్డ్ మార్చని కెమెరాలను, రౌటర్లను లక్షల సంఖ్యలో వశపరచుకుంది. నా కంప్యూటరులో పింఛను కాగితాలు, పొలం దస్తావేజుల నకళ్ళు ఉన్నాయి. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

కనుక నా మనవి ఇది. మొదట రౌటరు అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. పోర్టును లోకమంతటికీ తెరవకండి. వీలైతే పిల్లవాడుండే చోటి చిరునామాకు మాత్రమే అనుమతివ్వండి. రౌటరులో వి.పి.ఎన్. సౌకర్యముంటే అది ఇంకా మేలు, తాళంచెవి ఉన్నవారే లోపలికి వస్తారు. ఎస్.ఎస్.హెచ్. తప్పదనుకుంటే పాస్‌వర్డ్‌కు బదులు కీ ఫైలు పెట్టించండి. పని కాగానే షట్టరు దించండి. కొన్ని ఇంటర్నెట్ కంపెనీలు ఒకే చిరునామాను అనేక ఇళ్ళకు పంచుతాయి. అక్కడ పోర్టు తెరిచినా ఫలితముండదు. పనిచేయలేదని ఒకదాని తరువాత ఒకటి తెరుచుకుంటూ పోకండి.

చివరిగా ఒక్కమాట. "లైఫ్ సర్టిఫికెట్ ఆగిపోయింది, ఈ యాప్ వేసుకోండి, మేము సరిచేస్తాం" అని ఎవరో ఫోను చేస్తారు. ఆ యాప్‌ను ఫైర్‌వాల్ ఆపదు, ఎందుకంటే లోపలినుంచి తలుపు తీసేది మనమే! వెంటనే ఫోను పెట్టేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కి చెప్పండి.

పిల్లలకు మన ఇంటి తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. తాళంచెవి మాత్రం మన మొలలోనే ఉండాలి.