ఇది మేలా, ఇందాకటిది మేలా?



రేపు హ్యాకథాన్ పోటీకి దిగబోతున్న మీకు కోడ్ ఎలా రాయాలో నేను చెప్పక్కర్లేదు. రాసినదాన్ని ఎలా చూపించాలి, చూసినవాళ్లు ఎలా తూచాలి అన్నదే నా విషయం. ముందు తూకం సంగతి చూద్దాం. తూచేది ఎలాగో తెలిస్తే చూపించేది ఎలాగో అదే తెలుస్తుంది.

హాల్లో 100 ప్రాజెక్టులుంటే ఏ జడ్జీ అన్నీ చూడలేరు. తలా కొన్ని పంచుకుంటారు. పదికి మార్కులు వేయమంటే ఒకరు ఎవరికీ ఎనిమిదికి తగ్గించరు. ఇంకొకరు ఎంత నచ్చినా ఆరు దాటరు. ఈ మార్కులన్నీ ఒకే పట్టికలో కలిపితే మెతక జడ్జి దొరికిన జట్టు గట్టెక్కుతుంది.

అమెరికాలో ఎంఐటీ విద్యార్థులు నడిపే హ్యాక్‌ఎంఐటీ అనే హ్యాకథాన్‌లో దీనికి విరుగుడుగా గావెల్ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసుకున్నారు. అందులో మార్కులు లేవు. జడ్జి ఒక బల్ల దగ్గర డెమో చూసి, తర్వాతి బల్లకు వెళ్లి, ఇప్పటిది మేలా ఇందాకటిది మేలా అన్న ఒక్క ప్రశ్నకు జవాబిస్తారు. అందరి జవాబుల నుంచీ వరుస లెక్కకట్టి, జడ్జిని ఎక్కడికి పంపితే ఆ వరుస మరింత తేటపడుతుందో కూడా ఆ సాఫ్ట్‌వేరే చెబుతుంది. పదికి ఎన్ని అంటే తటపటాయించేవాళ్లు కూడా రెండింటిలో ఏది అంటే చటుక్కున చెప్పగలరు.

2017లో మొదలైన మన స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌లో ఈ పోలిక దానంతట అదే వస్తుంది. మంత్రిత్వ శాఖలు, సంస్థలు సమస్యలిస్తాయి. ఒకే సమస్య ఎంచుకున్న ఆరుగురేసి సభ్యుల జట్లు ఒకే కేంద్రంలో తలపడతాయి. సాఫ్ట్‌వేర్ విభాగంలో 36 గంటల పోటీ మధ్యలోనే మెంటర్లు, జడ్జీలు విడతలవారీగా వచ్చి చూస్తారు.

కాబట్టి విద్యార్థులారా, సమస్య ఎంత తీవ్రమైనదో వివరిస్తూ సమయం పోగొట్టుకోకండి. పక్క జట్టు కూడా అదే చెప్పింది. పనిచేసేదాన్ని మొదటి నిమిషంలోనే చూపించండి. వాడేవాళ్లు ఎవరో ఒకరిని ఊహించుకుని, మొదటి క్లిక్ నుంచి ఫలితం దాకా ఒక్క పని పూర్తిగా నడిపించండి. పూర్తికాని పది ఫీచర్లకంటే అది నయం. రెండో విడతకు వచ్చిన జడ్జికి, మొదటి విడతలో వారు అడిగినదాన్ని ఏం చేశారో ముందు చెప్పండి. వైఫై మొరాయిస్తుందేమో, డెమోను వీడియో తీసి ఉంచుకోండి. డేటా నమూనాదైతే నమూనా అనే చెప్పండి. జడ్జి అడిగాక ఒప్పుకుంటే, నిజంగా చేసినదాని మీద కూడా అనుమానం వస్తుంది.

అధ్యాపకులకు ఒక మనవి. మార్కుల షీట్లు ఇస్తే ఇవ్వండి కానీ, ఏ జట్టునూ ఒక్క జడ్జి చేతిలోనే వదలకండి. ప్రతి జడ్జినీ తాము చూసినవాటిని వరుసగా పేర్చమనండి. పైకి తేలిన నాలుగైదు జట్లను అందరూ కలిసి మళ్లీ చూడండి. ఓడిన జట్టుకు ఎందుకు ఓడిందో రెండు వాక్యాలు రాసివ్వండి. ఆ కాగితం రేపు బహుమతి అందని వాళ్లకు వచ్చే ఏడాది పనికొస్తుంది.