అచ్చులో లేని ఆడవాళ్లు

(మహిళా కార్యకర్తల సమావేశంలో ఒక విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)



నేను ఎం.ఏ. చరిత్ర రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది నెల్లూరు జిల్లాలో ఒక చిన్న పల్లె. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్లను నేనే. నేను పుట్టకముందు నుంచీ ఉద్యమాల్లో ఉన్న మీ ముందు మాట్లాడాలంటే భయంగానే ఉంది. క్లాసులో మాకిచ్చిన ఒక పని మీకూ పనికొస్తుందనిపించి వచ్చాను.

వికీపీడియాలో ఏదైనా ఒక వ్యాసం తీసుకుని దాని మంచిచెడ్డలు రాసుకు రమ్మన్నారు మా మేడం. 2001లో మొదలైన ఈ విజ్ఞాన సర్వస్వంలో ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. తెలుగులో 2003 నుంచి ఉంది. నేను ఇంగ్లీషులో డోనా స్ట్రిక్‌లాండ్ మీద ఉన్న వ్యాసం ఎంచుకున్నాను. ఆమె కెనడా భౌతిక శాస్త్రవేత్త. లేజర్ కాంతి మీద చేసిన పరిశోధనకు 2018లో నోబెల్ బహుమతి పొందింది. భౌతిక శాస్త్రంలో ఆ బహుమతి అందుకున్న స్త్రీలలో ఆమె మూడవది. 1903లో మేరీ క్యూరీ, 1963లో మరియా గోపర్ట్ మేయర్, మళ్లీ 55 ఏళ్లకు ఈమె!

వ్యాసంలో నాకు తప్పులేమీ కనబడలేదు. అది ఎప్పుడు, ఎలా వచ్చిందని వెతికితే అసలు సంగతి తెలిసింది. 2018 అక్టోబర్ 2న బహుమతి ప్రకటించేనాటికి ఆమె మీద వ్యాసమే లేదు. ఎవరో రాసి పంపితే, ఆమె ప్రముఖురాలని చూపే ఆధారాలు చాలవని అదే ఏడాది మే నెలలో తిప్పికొట్టారు. బహుమతి తెచ్చిన పరిశోధన అచ్చయింది 1985లో. 2013లో ఆమె అమెరికాలోని ఆప్టికల్ సొసైటీకి అధ్యక్షురాలు కూడా. ఆమెతోపాటు బహుమతి పంచుకున్న గురువు జెరార్ మూరూ మీద మాత్రం వ్యాసం ముందునుంచే ఉంది.

తిప్పికొట్టినవారిని తిట్టి లాభం లేదు. నిబంధన ప్రకారమే చేశారు. ఒక వ్యక్తి గురించి, ఆ వ్యక్తితో సంబంధం లేనివాళ్లు నమ్మదగిన పత్రికల్లో, పుస్తకాల్లో రాసి ఉండాలన్నది ఆ నిబంధన. చూడ్డానికి న్యాయంగానే ఉంది. లేకపోతే ఎవరి గొప్పలు వాళ్లే రాసుకుంటారు కదా. కానీ పత్రికలు ఎవరి గురించి రాస్తాయి? ఎవరి ఫోటో వేస్తాయి? ఆ వివక్ష అంతా ఆధారాల రూపంలో విజ్ఞాన సర్వస్వంలోకి వచ్చి కూర్చుంటుంది. 2011లో వికీమీడియా సంస్థే జరిపిన సర్వేలో, రాసేవాళ్లలో స్త్రీలు నూటికి 10 మంది కూడా లేరని తేలింది. ఆడవాళ్లు ఎక్కువగా రాస్తే సరిపోతుందని కొందరంటారు. రాయాల్సిందే. అయితే చూపడానికి అచ్చులో ఏమీ లేకపోతే వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

మా జిల్లా సంగతే చూడండి. 1992లో దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం ఊరూరా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించాల్సి వచ్చింది. రోశమ్మ పేరు పత్రికలకెక్కింది. సారా బండ్లకు అడ్డం పడుకున్న మా అమ్మమ్మ పేరు ఎక్కడా లేదు. తనతో ఎవరెవరున్నారని అడిగితే పదకొండు పేర్లు చెప్పింది. అందులో నలుగురే బతికున్నారట. ఆమె నోటిమాటను నేను నేరుగా వికీపీడియాలో రాస్తే, సొంత పరిశోధన అని తీసేస్తారు.

మరి దారి లేదా? స్త్రీశక్తి సంఘటన వారు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలు సేకరించి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ వేశారు. నోటిమాట పుస్తకమైంది. ఈ రోజు ఎవరైనా దాన్ని ఆధారంగా చూపొచ్చు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీ ఆఫీసు బీరువాల్లో పాత కరపత్రాలు, నిజనిర్ధారణ నివేదికలు, సభల ఫోటోలు ఉంటాయి. చెదలు పట్టకముందే తీయండి. ఫోటో వెనక ఊరు, తేదీ, మనుషుల పేర్లు రాయండి. నివేదికల్లో "పలువురు మహిళలు పాల్గొన్నారు" అని సరిపెట్టకండి. అయితే వాళ్లను అడిగి, ఒప్పుకుంటేనే పేరు వేయండి. హింసకు గురైనవాళ్ల పేర్లు మాత్రం బయటపెట్టకూడదు, అది మీకు నేను చెప్పాల్సిన పని లేదు. కరపత్రం ఒక్కటే ఆధారంగా నిలబడదు కాబట్టి, వాటి నుంచి వ్యాసాలు రాసి ఇలాంటి పత్రికల్లో వేయించాలి. ఈ వేసవి సెలవుల్లో మేం నలుగురం విద్యార్థినులం ఖాళీగా ఉంటాం. పాత కాగితాలు సర్దిపెట్టడానికి, పెద్దవాళ్లు చెబితే రాసుకోవడానికి ఏ ఊరికి రమ్మన్నా వస్తాం.